ఆ బొమ్మ కింద ఒక వాక్యం: తిరుపతి ప్రాజెక్టు డైరీ

మే నెల, మొదలు

పని ఇది. తిరుపతి చుట్టుపక్కల రోడ్ల మీద, షాపుల్లో, గోడల మీద కనిపించే బొమ్మల్లో కొన్నింటిని ఎంచుకుని ఎ3 కాగితం మీద ప్రింటు తియ్యాలి. ఒక్కోటి మనల్ని దేనికి ఒప్పిస్తోందో, ఎలా ఒప్పిస్తోందో విప్పి చూపాలి. అడిగింది నా చిన్ననాటి క్లాస్‌మేటు. ఇప్పుడు ప్రభుత్వ హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. బడి తెరిచాక తొమ్మిది, పది తరగతుల పిల్లల ముందు పెడతాడట. నేను లీలామహల్ సర్కిల్ దగ్గర ఒక ఫ్లెక్సీ షాపులో డిజైనర్ని. "రోజంతా ఇవి తయారుచేసేది నువ్వే కదరా, విప్పాల్సిందీ నువ్వే" అన్నాడు. దొంగ చేతికి తాళాలివ్వడమంటే ఇదే.

ముందు పద్ధతి తేల్చుకున్నాం. ప్రకటనలోని అక్షరాలన్నిటినీ తెల్లకాగితం ముక్కలతో కప్పేస్తాం. మిగిలింది చూసి, "ఈ బొమ్మ ఏమంటోంది?" అన్నదానికి ఎదుటివాళ్లు ఒక పూర్తి వాక్యం చెప్పాలి. "బాగుంది", "కలర్ అదిరింది" లాంటివి చెల్లవు. కర్త, క్రియ ఉండాలి. ఆ వాక్యాన్ని బొమ్మ కింద పెద్దగా రాస్తాం. ఆ తర్వాత అడిగేది ఒకటే: ఈ ప్రకటన వేయించినాయన ఈ వాక్యం కింద సంతకం పెడతాడా?

ఈ ఆలోచన షాపులోంచే వచ్చింది. కస్టమర్లు అక్షరాల కోసం నాతో గంటసేపు కొట్లాడతారు. పేరు ముందు 'శ్రీ' పడిందా, అల్లుడి పేరు బావమరిది పేరుకన్నా పైన ఉందా, ఫోన్ నంబరులో అంకె తప్పిందా అని వేలు పెట్టి మరీ చదువుతారు. బొమ్మ దగ్గరికొచ్చేసరికి మాత్రం "నెట్‌లో ఏదో ఒక మంచి ఫ్యామిలీ ఫోటో చూసి పెట్టు సామీ" అనేస్తారు. అక్షరాలకు జవాబు చెప్పుకోవాలని అందరికీ తెలుసు. బొమ్మకు కూడా చెప్పాల్సొస్తుందని ఎవరికీ తోచదు. కానీ ఫ్లెక్సీ కట్టాక బండి మీద పోయేవాడు చూసేది బొమ్మనే. రెండు మూడు సెకన్లలో ఎవరూ ఫోన్ నంబరు చదవరు.

గాంధీ రోడ్డు

గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఉన్న పటాల షాపులతో మొదలుపెట్టాం. ప్రకటనలతో కాకుండా దేవుడి పటాలతో మొదలేమిటని మాస్టారు గొణిగాడు. నా వాదన ఏమిటంటే, ఈ దేశంలో ఇంటింటి గోడమీదికీ అచ్చు బొమ్మను చేర్చింది దేవుడి పటమే. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్సు పెట్టించాడు. ఒక్కో రంగుకు ఒక్కో రాయి వాడి, నూనె రంగుల చిత్రంలా కనిపించే ఓలియోగ్రాఫులు అచ్చు వేశారు. అంతకుముందు అలాంటి చిత్రాలు రాజుల గోడలకే. తామరపువ్వు మీద నిలబడ్డ లక్ష్మిని చూడండి. చీర కుచ్చిళ్లు, మెడ మీద నీడ, చేతికి కండ, అన్నీ నిజమైన మనిషికి ఉన్నట్టే ఉంటాయి. అక్షరాలు కప్పే పనే లేదు. షాపులో పటానికి ఫ్రేము కట్టించుకుంటున్న ఒక పెద్దావిడను అడిగితే వెంటనే చెప్పింది: "ఈయమ్మ మా ఇంటికొచ్చి కూర్చుంటాదని."

అదే పటం కింద తేదీలు, ఆ తేదీల కింద ఒక తాకట్టు కొట్టు పేరు పడితే వాక్యం మారిపోతుంది. "అమ్మవారు ఈ కొట్టులో ఉంది" అవుతుంది. కొట్టు యజమాని ఆ మాట అనలేదు. క్యాలెండరు ఇచ్చి నమస్కారం పెట్టాడు, అంతే. రెండింటినీ పక్కపక్కన పెడితే మిగతాది మనమే కలుపుకుంటాం. మనం కలుపుకున్నదాన్ని మనమే అనుమానించం. ఈ ప్రాజెక్టు మొత్తంలో నేను పట్టుకుని వేలాడుతున్నది ఈ ఒక్క సంగతినే.

ఇక శ్రీవారి పటం. మల్టీమీడియా కోర్సులో మాకు నేర్పిన మొదటి సూత్రం: బొమ్మలో మనిషి కళ్లు కస్టమర్ని చూడాలి, లేకుంటే సరుకుని చూడాలి. మనిషి ఎటు చూస్తే మన చూపు అటే పోతుంది. ఇది నిజమే, రోజూ వాడుతున్నాను. మరి తిరుపతిలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే ఈ పటంలో కళ్లను నామం కప్పేసి ఉంది. గురువారం ఆభరణాలు తీసి నామం తగ్గించినప్పుడు నేత్ర దర్శనమని జనం ఎగబడేది అందుకే. ఆ చూపును తట్టుకోలేమనే కప్పారని పెద్దలు చెబుతారు. డిజైనర్ బుర్రతో చూస్తే మాత్రం, మనల్ని చూడని బొమ్మను మనం ఇంకా గట్టిగా చూస్తాం.

చెయ్యి సంగతి ఇంకా బాగుంది. 1914లో బ్రిటన్‌లో సైన్యంలో చేరమని ఆల్ఫ్రెడ్ లీట్ గీసిన పోస్టరులో అప్పటి యుద్ధ మంత్రి కిచెనర్ మీసాలతో మనవైపు వేలు చూపిస్తాడు. 1917లో అమెరికాలో జేమ్స్ మాంట్‌గోమరీ ఫ్లాగ్ అదే పద్ధతిలో అంకుల్ శామ్‌ను, అంటే ఆ దేశానికి గుర్తుగా వాడే ముసలాయన్ను, గీశాడు. ఎక్కడ నిలబడ్డా ఆ వేలు మన మీదే ఉంటుంది. శ్రీవారి కుడిచెయ్యి కిందికి తిరిగి తన పాదాలను చూపిస్తుంది. ఒక బొమ్మ "నువ్వు రావాలి" అంటుంది, రెండోది "ఇక్కడ చోటుంది" అంటుంది. రెండు పటాలనూ ఒకే షీటు మీద పక్కపక్కన పెట్టాను. దేవుడి పక్కన తుపాకీల పోస్టరేమిటని మాస్టారికి టెన్షన్. పిల్లల తల్లిదండ్రులు ఏమంటారోనని ఆ షీటును ప్రస్తుతానికి పక్కన పెట్టాడు. నాకిష్టమైన షీటు అదే.

మామిడిపండు

చిత్తూరువాళ్ల ముందు మామిడి బొమ్మ పెడితే ఏమవుతుందో చూడాలని ఉండింది. జ్యూస్ ప్యాకెట్లు కొనుక్కొచ్చి అక్షరాలు కప్పాం. ఎర్రటి బుగ్గతో గుండ్రని పండు, పక్కన కోసిన ముక్క, జారుతున్న రసం. బయటివాళ్లు చెప్పిన వాక్యం: "చెట్టు మీది పండు ఇందులో ఉంది." బంగారుపాళ్యం నుంచి వచ్చిన మా షాపు కుర్రాడు మాత్రం ఫక్కున నవ్వాడు. "ఇదేందన్నా, గుజ్జు ఫ్యాక్టరీకి పొయ్యేది తోతాపురి కదా. ముక్కు యాడ ఉండాది దీనికి?" వాడన్నది నిజం. సీజన్‌లో చిత్తూరు జిల్లా గుజ్జు ఫ్యాక్టరీల ముందు వరసకట్టే లారీల్లో ఉండేది ఎక్కువగా తోతాపురే. చిలక ముక్కులా వంగి, పచ్చగా ఉండే కాయ. గుజ్జు బాగా వస్తుంది గానీ ఫోటోకు అందం తక్కువ. మేము కొన్న ప్యాకెట్లలో ఏ ఒక్కదాని మీదా దాని ముఖం లేదు.

1964లో ఫ్రెంచి విమర్శకుడు రోలా బార్త్ ఒక ప్రకటనను ఇలాగే విడదీశాడు. పన్‌జానీ అనే కంపెనీది. వల సంచి నోరు తెరుచుకుని ఉంటుంది. అందులోంచి పాస్తా ప్యాకెట్లు, సాస్ డబ్బాతో పాటు టమోటాలు, ఉల్లిపాయ, క్యాప్సికమ్‌లు బయటికి దొర్లుతుంటాయి. పచ్చి కూరగాయలు పక్కనుండేసరికి డబ్బాలోది కూడా ఇప్పుడే సంతనుంచి తెచ్చినట్టు అనిపిస్తుంది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ కలిసి ఇటలీని తలపిస్తాయి. ఫ్రాన్సువాళ్లకు అక్కడ కనిపించినంత ఇటలీ ఇటలీవాళ్లకు కనిపించదని కూడా ఆయనే గమనించాడు. బంగారుపాళ్యం కుర్రాడి నవ్వుకు నాకు అర్థం అక్కడ దొరికింది. సరుకు సంగతి చేతితో తెలిసినవాడి దగ్గర బొమ్మ పాచిక పారదు.

షీటు మీద ఒక అంకె కూడా వేశాను. మన ఆహార నిబంధనల ప్రకారం ఫ్రూట్ డ్రింక్‌లో పండు రసం కనీసం 10 శాతం ఉంటే చాలు, నిమ్మకైతే 5 శాతమే. ప్యాకెట్ వెనక చిన్నక్షరాల్లో శాతం ఉంటుంది. ముందు వైపు బొమ్మలో పండు మాత్రం నూటికి నూరు శాతం ఉంటుంది.

మామ ఫోటో

సుమారు వందేళ్ల కిందట సోవియట్ దర్శకుడు లెవ్ కులెషోవ్ చేసిన ప్రయోగం గురించి డిజైన్ చదివినవాళ్లందరూ వినే ఉంటారు. ఏ భావమూ లేని ఒక నటుడి ముఖం. దాని తర్వాత ఒకసారి సూప్ గిన్నె, ఇంకోసారి శవపేటిక, మరోసారి ఒక స్త్రీ. ముఖం అదే. చూసినవాళ్లు మాత్రం ఒకచోట ఆకలి, ఒకచోట దుఃఖం, ఇంకోచోట కోరిక ఎంత బాగా పలికించాడో అని మెచ్చుకున్నారట.

దీన్ని ఫ్లెక్సీ భాషలోకి దించాను. వీధి చివర ఉండే మామ ఒకాయన పాస్‌పోర్టు ఫోటో ఆయన్నే అడిగి తీసుకున్నాను. నవ్వూ లేదు, ఏడుపూ లేదు. ఒకదాంట్లో వెనక ప్లాట్ల లేఅవుటు, కొబ్బరిచెట్లు, ఆర్చి. ఇంకోదాంట్లో బడి భవనం, పలకలు పట్టుకున్న పిల్లలు. ఇంకోదాంట్లో స్టెతస్కోపు, ఎర్ర ప్లస్ గుర్తు. చివరిదాంట్లో నీలిరంగు ఆకాశం, మబ్బులు, దీపం, ఫోటోకు పూలదండ. అక్షరం ఒక్కటి కూడా పెట్టలేదు.

షాపుకొచ్చేవాళ్లకు విడివిడిగా చూపించాను. లేఅవుటు మామను చూసి "ఈయన మాటలు నమ్మకూడదు, కళ్లలోనే తెలుస్తాంది" అన్నాడొక ఆటో అన్న. బడి ముందున్న మామ "పెద్దమనిషి, గంభీరంగా ఉన్నాడు". స్టెతస్కోపు మామకు ఒకాయన మోకాలి నొప్పి గురించి చెప్పడానికి సిద్ధమయ్యాడు. దండ వేసిన దాన్ని చూసి అందరూ ఒక్క క్షణం గొంతు తగ్గించారు. "పాపం, ఎప్పుడు పోయినాడు?"

ఈ సంగతి ఎలాగో అత్తకు తెలిసింది. షాపుకొచ్చి, "బతికుండే మనిషికి దండేస్తావా నాయనా? తియ్ ముందు ఆ ఫోటో" అని నిలబడింది. ఆమె ముందే ఫైలు డిలీట్ చేశాను, రీసైకిల్ బిన్‌లోంచి కూడా. మామ మాత్రం వెనక నిలబడి నవ్వుతూనే ఉన్నాడు. పిల్లల కోసం ఆ నాలుగోది మళ్లీ చెయ్యాలి. ఈసారి నా ఫోటోతోనే చేస్తాను, మా అమ్మకు తెలియకుండా.

ర్యాంకులు

ఎక్కువ రోజులు పట్టింది ఈ షీటుకే. తెలుగువాళ్లకు ర్యాంకుల ప్రకటన కన్నా బాగా చదవొచ్చే బొమ్మ ఇంకోటి లేదు. ఫలితాలొచ్చిన మర్నాడు పేపరు మొదటి పేజీ నిండా, ఆ వారంలో ఊళ్లోని కూడళ్లన్నిటా అదే. తయారుచేసేవాడిగా లోపలి సంగతి చెబుతాను.

ముఖాలన్నీ కత్తిరించి వెనక తెల్లరంగు తీసేస్తాం. మధ్యలో ఒకటో రెండో పెద్ద ముఖాలు, వాటి కింద కొంచెం చిన్నవి, అట్టడుగున తపాలా బిళ్లంత. ఒక్కో ముఖం కింద ఎర్ర గుండ్రంలో పసుపు అంకె. ఖాళీ మిగిలితే ముఖాల సైజు పెంచం, ఇంకా ముఖాలు తెప్పిస్తాం. చూసేవాడికి గుంపు కనబడాలి. పిల్లలు నవ్వకూడదని ఎవరూ చెప్పరు గానీ హాల్‌టికెట్ ఫోటోలు కాబట్టి నవ్వరు. ఆ నవ్వని ముఖాలే "కష్టపడ్డారు" అనిపిస్తాయి.

అక్షరాలు కప్పి, అంకెలు మాత్రం ఉంచి అడిగాం. తల్లిదండ్రులు చెప్పిన వాక్యాలు దాదాపు ఒకేలా ఉన్నాయి: "ఇక్కడ చేరిస్తే మా వాడి ముఖం కూడా ఇక్కడుంటుంది." ఏ యాజమాన్యమైనా దీని కింద సంతకం పెడుతుందా? పెట్టదు, ఎందుకంటే అది హామీ. కానీ ఆ హామీ కోసమే లక్షలు పోసి పేజీ కొంటున్నారు. ఎంతమంది చేరితే ఇంతమందికి వచ్చిందన్నది బొమ్మలో పెట్టే మార్గం లేదు. రానివాళ్ల ముఖాలు వెయ్యాలంటే ఎన్ని హోర్డింగులు కావాలి? ఉన్నదాన్నే చూపగలగడం బొమ్మ స్వభావం. లేనిదాన్ని చూపాలంటే మాటలో, లెక్కలో కావాలి.

2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ, అంటే సీసీపీఏ, కోచింగ్ ప్రకటనల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. విజేత పేరు, ఫోటో వాడాలంటే ఫలితం వచ్చాక వాళ్ల లిఖితపూర్వక అనుమతి తీసుకోవాలి. ఆ విద్యార్థి ఏ కోర్సు చదివాడో, ఎంతకాలం చదివాడో, డబ్బు కట్టి చదివాడో లేదో చెప్పాలి. గమనికలు ప్రకటనలో చెప్పుకున్న గొప్పల సైజు అక్షరాల్లోనే ఉండాలి. పూర్తి కోర్సు చదివినవాడి ముఖం, ఒట్టి టెస్టు సిరీసు రాసినవాడి ముఖం ఒకే వరసలో ఒకే సైజులో ఉంటే తేడా తెలిసేది ఈ వివరంతోనే.

చట్టం గురించి చదువుతుంటే ఇంకోటి దొరికింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో 'ప్రకటన' అంటే ఏమిటో చెప్పినచోట కాంతి, శబ్దం, పొగ, గ్యాసు కూడా ఉన్నాయి. పొగతో చెప్పినా ప్రకటనేనట! దృశ్యమూ అందులోనే వస్తుంది. అంటే బొమ్మ చట్టానికి బయట లేదు. కానీ ఫిర్యాదు రాయాలంటే "ఈ బొమ్మ నాకు ఇలా చెప్పింది" అని వాక్యంలో పెట్టాలి కదా. కాగితం ముక్కలతో మేం చేస్తున్నది సరిగ్గా అదే పని. ఈ మాట విన్నాక మాస్టారు షీటు అడుగున ఖాళీ గీత గీయించాడు, పిల్లలు తమ వాక్యం తామే రాసుకోవడానికి.

శ్రీకాళహస్తి, తిరుమల

ర్యాంకుల షీటులో పెద్ద ముఖం మధ్యలో, చిన్నవి చుట్టూ ఉండటం చూసి మాస్టారు "ఇది కలంకారీ లెక్కరా" అన్నాడు. శ్రీకాళహస్తి వెళ్లాం. రామాయణం వస్త్రంలో మధ్య గడిలో పట్టాభిషేకం నిండుగా ఉంటుంది. చుట్టూ వరసల్లో కథంతా చిన్న గడుల్లో నడుస్తుంది. గడి కింద తెలుగులో ఏం జరుగుతోందో రాసి ఉంటుంది. కోసల రాజ్యమంతా గడుల్లో తిరిగినా చూపు చివరికి సింహాసనం దగ్గరికే చేరుతుంది.

పని చూస్తూ కూర్చున్నాం. గుడ్డను కరక్కాయ పొడి కలిపిన పాలలో నానబెట్టి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు పాకకుండా నిలుస్తుంది. బెల్లం నీళ్లలో ఇనుప ముక్కలు పులియబెట్టిన రసంలో వెదురు కలం ముంచి గీస్తే, కరక్కాయలోని వగరు ఇనుముతో కలిసి గీత నల్లబడుతుంది. ఒకసారి పడ్డాక చెరపడం కుదరదు. కంట్రోల్-జెడ్‌కు అలవాటుపడ్డ నా చేతికి చెమట పట్టింది.

మా పద్ధతి ఇక్కడ కొంచెం తడబడింది. కప్పడానికి వాక్యం ముందే గడి కింద ఉంది, చిత్రం ఏం చెబుతోందో తనే ఒప్పుకుంటోంది. కానీ రంగుల సంగతి ఆ వాక్యంలో లేదు. రాముడు నీలం, రాక్షసులు ఎరుపు, స్త్రీలు పసుపు. కథ తెలియని పిల్లకు కూడా ఎవరివైపు ఉండాలో రంగే చెప్పేస్తుంది. "రాముణ్ని ఎర్రగా వేస్తే?" అని అక్కడ పనిచేస్తున్న అక్కను అడిగాను. "వేస్తాంలే సామీ. కొనేది నువ్వేనా?" అంది.

తిరుమలలో శ్రీకృష్ణదేవరాయల విగ్రహం ఎప్పుడూ చూస్తున్నదే. మహాద్వారం దాటగానే కుడిపక్క మండపంలో తిరుమలదేవి, చిన్నదేవిలతో చేతులు జోడించి నిలబడి ఉంటాడు. 1513 నుంచి 1521 లోపల ఏడుసార్లు కొండకు వచ్చినవాడు. లోపలికి ఫోన్ తీసుకెళ్లనివ్వరు కనుక మాస్టారు బయటికొచ్చాక గుర్తున్నంతలో గీశాడు. దానికి రెండు వాక్యాలొచ్చాయి, రెండూ సరైనవే: "నేను ఈ స్వామి సేవకుణ్ని", "స్వామికి ఇంత దగ్గరలో నిలబడగలిగేది నేనే". మాటల్లో చెబితే రెండోది మొదటిదాన్ని చెడగొడుతుంది. లోహంలోకి దించితే రెండూ ఒకే భంగిమలో ఇమిడిపోయాయి. మా షాపులో అచ్చయ్యే పుట్టినరోజు ఫ్లెక్సీల్లో నాయకుడు కూడా చేతులు జోడించే ఉంటాడు, పన్నెండు అడుగుల ఎత్తున.

జూన్

షాపు పని ముంచెత్తింది. మధ్యలో ఒక చిన్న షీటు మాత్రం పూర్తిచేశాను: ఒకే ముఖం, కస్టమర్ తెచ్చిన రంగులో ఒకటి, "కొంచెం తెల్లగా చెయ్యన్నా" అన్న తర్వాత ఒకటి. దీనికి వాక్యం ఎవర్ని అడిగినా నోటికి వస్తుంది, పైకి చెప్పడానికే మొహమాటపడతారు. నల్లగా ఉన్నవాళ్లను దిగులుగా, ఓడిపోయినట్టుగా చూపించకూడదని ప్రకటనల ప్రమాణాల మండలి 2014లోనే నియమం పెట్టింది. 1975 నుంచి ఉన్న ఫెయిర్ అండ్ లవ్‌లీ 2020లో పేరు మార్చుకుని గ్లో అండ్ లవ్‌లీ అయింది. మా షాపులో అడిగే మాట మాత్రం ఇంకా మారలేదు.

బడి తెరిచాక

పదో తరగతితో ఒక పీరియడ్ నడిపాం. మామ ఫోటోలకు నవ్వులే నవ్వులు. ర్యాంకుల షీటు దగ్గర నిశ్శబ్దం. ఒక అమ్మాయి లేచి, "సార్, ఇందులో ఇద్దరికి ఒకే ర్యాంకు ఎట్లా వస్తుంది?" అంది. కేటగిరీ ర్యాంకులని, వేరే వేరే పరీక్షలని చెప్పాం. అన్నీ ఒకే రంగు గుండ్రాల్లో వేస్తాం కాబట్టి ఎవరూ అడగరు. తయారుచేసే నాకే ఆ ప్రశ్న ఎప్పుడూ రాలేదు.

మా ఓనరన్న షీట్లు తిరగేసి, "ఇవన్నీ పిల్లోళ్లకు చెప్తే రేపు మనకు ఫ్లెక్సీలు వేయించేదెవురబ్బా?" అన్నాడు. అన్నాడు గానీ ల్యామినేషన్‌కు డబ్బులు తీసుకోలేదు.

మిగిలింది బంగారం హోర్డింగు షీటు. రేణిగుంట రోడ్డులో తీసిన ఫోటో: నిండా నగలతో పెళ్లికూతురు, పక్కన కళ్లు తుడుచుకుంటున్న తండ్రి. అక్షరాలు కప్పి అడిగితే మగపిల్లలు "నాన్న అప్పు చేశాడు" అన్నారు. ఆడపిల్లలు ఒప్పుకోలేదు. "కూతురంటే ఎంత ప్రేమో అంతే బంగారం" అని వాళ్ల వాక్యం. ఒకమ్మాయి మాత్రం, "ఆమె అమ్మ ఫోటోలో ఎందుకు లేదు సార్?" అని అడిగింది. బెల్లు కొట్టేశారు. వచ్చే శనివారం ఆ షీటుతోనే మొదలుపెట్టాలి. మూడు వాక్యాలూ రాసేంత ఖాళీ కింద వదిలి మళ్లీ ప్రింటు తీస్తున్నాను.